పన్ను ముందు, ఓటు వెనక

రిప్పన్ ప్రభువు స్థానిక స్వపరిపాలనకు పితామహుడని నేను ముప్ఫై ఏళ్ళకు పైగా బి.ఏ. విద్యార్థులకు పాఠం చెప్పాను. మొదట ట్యుటోరియల్ కాలేజీల్లో, తరువాత ఒక ప్రైవేటు డిగ్రీ కాలేజీలో. పరీక్షలో అది పది మార్కుల ప్రశ్న. 1882లో తీర్మానం, 1884లో చట్టాలు, 1920లో మరికొన్ని చట్టాలు, 1959లో పంచాయతీరాజ్, 1992లో రాజ్యాంగ సవరణలు. ఈ మెట్లన్నీ వరసగా ఎక్కి, చిట్టచివరి మెట్టు మీద ప్రజాస్వామ్యం కూర్చుని ఉందని రాసినవాడికి పదికి ఏడో ఎనిమిదో వేసేవాణ్ణి. వేసిన ప్రతిసారీ మా అమ్మమ్మ గుర్తుకు వచ్చేది. ఆమె రిప్పన్ పేరు వినలేదు. అయినా మునిసిపాలిటీ అంటే ఏమిటో నాకంటె ఆమెకే బాగా తెలుసు. 1921లో ఆ మునిసిపాలిటీ మాకొద్దని ఇళ్ళకు తాళాలు వేసి ఊరు విడిచిపోయిన వేలాది మందిలో పదేళ్ళ పిల్లగా ఆమె కూడా నడిచింది.

ఆమె కథ చెప్పాలనీ, దానితోపాటు నేను చేసిన ఒక పనిని గురించి కూడా చెప్పాలనీ చాలాకాలంగా అనుకుంటున్నాను. రెండూ చెప్పాలంటే ముందు కాస్త వెనక్కి పోక తప్పదు.

మన పాఠ్యగ్రంథాలు రిప్పన్ ఔదార్యంతో మొదలవుతాయి. అసలు కథ ఖాళీ ఖజానాతో మొదలయింది. 1857 తిరుగుబాటును అణచడానికి అయిన ఖర్చు వలస సర్కారును అప్పుల్లో ముంచింది. ఆ లోటు పూడ్చుకోవడానికే 1860లో ఈ దేశంలో మొదటిసారి ఆదాయపు పన్ను వేశారు. అది ధనవంతులకు తగిలింది గనుక వాళ్ళు గట్టిగానే గొణిగారు. అందుకని మరో ఉపాయం వెతికారు. రోడ్లు, ఆసుపత్రులు, బడులు, ఊరి పారిశుధ్యం మొదలైన ఖర్చులను పైనుంచి దించి ఊళ్ళ నెత్తిన పెట్టడం, ఆ ఖర్చుకు కావలసిన పన్నులు అక్కడికక్కడే వసూలు చేసుకోమనడం. 1870లో మేయో ప్రభువు ఆర్థిక వికేంద్రీకరణ తీర్మానంలో స్థానిక సంస్థలను గురించి ఎన్ని మంచి మాటలున్నా, దాని వెనక ఉన్న లెక్క ఇదే.

మద్రాసు రాజధానిలో ఆ పని అంతకు ముందే ఆరంభమయింది. భీమునిపట్నంలో 1861లోనే పురపాలన మొదలయింది. 1865లో పట్టణాల అభివృద్ధి చట్టం వచ్చింది. దాని కింద 1866లో గుంటూరు, మచిలీపట్నం, కాకినాడ, నెల్లూరు మునిసిపాలిటీలయ్యాయి. చట్టం పేరులో అభివృద్ధి ఉంది. లోపల చూస్తే, ఆ పట్టణంలో ఉండే పోలీసుల ఖర్చులో పెద్దభాగం ఆ పట్టణమే భరించాలని ఉంది. మురుగుకాలువ తవ్వేముందు పోలీసువాడి జీతం కట్టాలి. సంఘంలో కూర్చునేవారిని సర్కారే నియమించేది. 1871లో కొత్త చట్టం తెచ్చినప్పుడు ఆ పోలీసు ఖర్చు తీసివేశారు. నా విద్యార్థుల్లో ఒకడు ఇది విని, ‘అంటే మనల్ని కొట్టడానికి మన దగ్గరే లాఠీ ఖర్చు వసూలు చేశారా సార్?’ అని అడిగాడు. ఏ పాఠ్యగ్రంథంలోనూ అంత చక్కని వివరణ నేను చదవలేదు.

రిప్పన్‌ను తక్కువచేయడం నా ఉద్దేశం కాదు. 1882 మే నాటి ఆయన తీర్మానం ఒక మంచి మాట చెప్పింది. పాలన కాస్త కుంటుపడినా ఫరవాలేదు, స్థానిక సంస్థలు ప్రజలకు రాజకీయ విద్య నేర్పే బడులు కావాలన్నది. ఆ మాటను కింది ఉద్యోగులు ఎంత మన్నించారో అది వేరే సంగతి. 1884లో మద్రాసులో రెండు చట్టాలు వచ్చాయి: ఒకటి జిల్లా మునిసిపాలిటీలకు, రెండోది లోకల్ బోర్డులకు. పైన జిల్లా బోర్డు, మధ్యన తాలూకా బోర్డు, కింద కొన్ని గ్రామాలు కలిపి యూనియన్. జిల్లా బోర్డుకు కలెక్టరుగారే అధ్యక్షుడు. బడికి మేష్టరు ఆయనే, పరీక్ష పెట్టేవాడూ ఆయనే. పట్టణాల్లో మాత్రం వకీళ్ళూ, వర్తకులూ, జమీందార్ల బంధువులూ కొంత కొంతగా లోపలికి వచ్చారు. టంగుటూరి ప్రకాశంగారు రాజకీయాల్లోకి రాకముందు రాజమండ్రి మునిసిపల్ చైర్మన్‌గిరీ చేశారన్న సంగతి చాలామందికి తెలుసు. కాని ఓటు ఎవరికి? ఇంత పన్ను కట్టేవాడికి. పన్ను కట్టగలిగే ఆస్తి లేనివాడు ఊళ్ళో ఉన్నా, రాజకీయ విద్య నేర్పే ఆ బడిలో వాడి పేరు లేదు.

నిజాం రాజ్యంలో దారి వేరు. సాలార్ జంగు 1865లో జిలాబందీ చేసి రాజ్యాన్ని జిల్లాలుగా కట్టుదిట్టం చేశాడు. 1869లో హైదరాబాదు పట్టణానికి మునిసిపాలిటీ ఏర్పడింది. కాని నగరం పొలిమేర దాటితే పరిపాలన అంటే పటేలూ, పట్వారీ, వాళ్ళపైన దేశ్‌ముఖూ. అక్కడ పన్నుతోపాటు వెట్టి కూడా ఉంది. ఆ కథకు మళ్ళీ వస్తాను.

ఇప్పుడు చీరాల.

చీరాల, పేరాల పక్కపక్క ఊళ్ళు. ఆ రోజుల్లో గుంటూరు జిల్లా, బాపట్ల తాలూకా. సముద్రం దగ్గరి ఇసుకనేల, మద్రాసు నుంచి కలకత్తా వెళ్ళే రైలుదారి, ఇంటింటా మగ్గం. మా అమ్మమ్మ పుట్టిల్లు పేరాలలో. అప్పటిదాకా ఆ ఊళ్ళు ఒక యూనియన్ కింద ఉండేవి. యూనియన్‌కు ఏడాదికి వచ్చే పన్ను సుమారు 4,000 రూపాయలు. 1919లో సర్కారు ఆ రెండు ఊళ్ళనూ కలిపి మునిసిపాలిటీ చేసింది. దానితో జనం మీద పడే భారం 40,000 రూపాయల దాకా పోతుందని లెక్క తేలింది. ‘ఇసక నేలరా అబ్బయా, ఏడ పోసిన నీళ్ళు ఆడే ఇంకిపోతయ్యి. మాకు కాలవలెందుకు? మా నాయన ఆ మాటే అన్నాడంట, పన్నులోళ్ళతో’ అనేది అమ్మమ్మ.

ఊరివాళ్ళు అర్జీలు పెట్టుకున్నారు. సర్కారు వినలేదు. సంఘంలోని సభ్యులు రాజీనామాలిచ్చారు. సర్కారు జీతం మీద ఒక చైర్మన్‌ను తెచ్చి కూర్చోబెట్టి సంఘాన్ని నడిపించింది. స్వపరిపాలన అనే మాటను ఇంతకంటె బాహాటంగా వెక్కిరించడం ఎవరి తరమూ కాదనుకుంటాను: సభ్యులు లేరు, సభ లేదు, ప్రజల సమ్మతి లేదు, కాని మునిసిపాలిటీ ఉంది, దానికి పన్ను కట్టాలి. కట్టం అన్నవారిని జైలుకు పంపారు. అలా వెళ్ళినవారిలో ఒక స్త్రీ కూడా ఉంది, రావూరి అలివేలు మంగతాయారమ్మ.

ఇక్కడ ఒక సంగతి గమనించాలి. 1920 చివరికి మాంటేగు-చెమ్స్‌ఫర్డు సంస్కరణలు అమలులోకి వచ్చి, స్థానిక స్వపరిపాలన భారతీయ మంత్రుల చేతికి వచ్చింది. మద్రాసులో ఆ శాఖ మంత్రి జస్టిస్ పార్టీకి చెందిన రామరాయణింగారు, తరువాత పానగల్లు రాజాగా ప్రసిద్ధుడైన పెద్దమనిషి. తెలుగువాడే. కొన్ని విషయాల్లో ఆయన చేసిన మేలు తక్కువది కాదు. చీరాల విషయంలో మాత్రం తెల్లదొర ఏమి చేసి ఉండేవాడో ఆయనా అదే చేశాడు. మునిసిపాలిటీని తీయలేదు. కుర్చీలో కూర్చునే మనిషి మారినంతమాత్రాన కుర్చీ పని మారదని ఈ తరం విద్యార్థులకు వేరే చెప్పనక్కరలేదు గాని, 1921లో అది జనానికి కొత్త పాఠం.

ఉద్యమానికి నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య. 1889లో పెనుగంచిప్రోలులో పుట్టి, ఎడింబరోలో ఎం.ఏ. చదివి వచ్చి, ఉద్యోగాలు వదులుకుని, కాషాయం కట్టి రామదండు అనే స్వచ్ఛంద సేవకుల దళాన్ని నిలబెట్టిన మనిషి. 1921 ఏప్రిల్ 6న గాంధీ చీరాల వచ్చాడు. అంతకు కొద్దిరోజుల ముందే బెజవాడలో కాంగ్రెసు సమావేశం జరిగింది. ఆయన చెప్పినవి రెండు దారులు: అహింసగా పన్ను నిరాకరించి నిలవడం, లేదా మునిసిపాలిటీ హద్దు దాటి ఊరికి ఊరే లేచిపోవడం. రెండోది కష్టమైన దారి. జనం దానినే పట్టారు. 15,326 మంది జనాభాలో 13,572 మంది ఇళ్ళు విడిచి, హద్దుకు అవతల పాకలు వేసుకున్నారు. ఆ కొత్త ఊరికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు.

చరిత్ర పుస్తకాల్లో ఇది ఒక పేరా. అమ్మమ్మ నోట ఇది ఒక పూట కథ. ఆ కథలో గాంధీ కొద్దిగా, గోపాలకృష్ణయ్యగారు కాస్త ఎక్కువగా, మగ్గం అందరికంటె ఎక్కువగా ఉండేవారు. ఎందుకంటే వాళ్ళది గుంట మగ్గం. మంచం మోసుకుపోవచ్చు, కుండలు మోసుకుపోవచ్చు, రాట్నం చంకన పెట్టుకుపోవచ్చు. గుంటను ఎలా మోసుకుపోతారు? రామనగర్‌లో మా ముత్తాత పాకలో కొత్త గుంట తవ్వాడు. ఇసుక అంచులు జారిపోయాయి. తాటిదుంగలు అడ్డం పెట్టి మళ్ళీ తవ్వాడు. వానాకాలం వచ్చేసరికి గుంటలోకి ఊట వచ్చింది. కాళ్ళు మోకాటి దాకా నీళ్ళలో ఉంచుకుని నేస్తే పడుగు చెమ్మగిలి పోగులు తెగేవట. రోజుకు రెండు గజాలు దిగే గుడ్డ అరగజం కూడా దిగలేదు. అమ్మమ్మకు తెలిసిన స్వాతంత్ర్యోద్యమం అంటే ఆ నీళ్ళగుంట. పదకొండు నెలలు అలా గడిపారు.

ఉద్యమం ఎలా ముగిసిందో పుస్తకాలు చెబుతాయి. గోపాలకృష్ణయ్యగారు ఉపన్యాసం ఇవ్వరాదన్న ఆజ్ఞను ధిక్కరించినందుకు బరంపురంలో అరెస్టయి ఏడాది శిక్షపడి జైలుకు వెళ్ళారు. డబ్బు అయిపోయింది, ఓపిక అయిపోయింది. జనం ఒక్కొక్కరే ఇళ్ళకు తిరిగి వచ్చారు. ఆయన 1928లో క్షయతో చనిపోయారు. నలభై ఏళ్ళు కూడా నిండలేదు.

నేను బి.ఏ. చదివే రోజుల్లో, అంటే 1970ల మొదట్లో, ఈ కథ విని అమ్మమ్మతో వాదించేవాణ్ణి. అప్పుడే మార్క్సిజం ప్రాథమిక పాఠాలు చదివిన ఉత్సాహం. ‘ఊరికి కాలువలూ దీపాలూ వద్దనడం ఏమి ఉద్యమం? పన్ను తప్పించుకోవడానికి వర్తకులు మిమ్మల్ని ముందుకు తోశారు. ఇది అభివృద్ధి నిరోధకం’ అని తేల్చిచెప్పేవాణ్ణి. ఆమె నవ్వేది. ‘వర్తకులు కూడా ఉన్నార్లే’ అని ఒప్పుకునేది. ఇంకేమీ అనేది కాదు.

నా మాటలో కొంత నిజం లేకపోలేదు. పన్ను తగ్గితే ఎక్కువ మిగిలేది పెద్ద ఇళ్ళవారికే. ఇంకొక లోటు కూడా ఉంది, అది నాకు చాలా ఆలస్యంగా తోచింది. అమ్మమ్మ ఎన్నిసార్లు కథ చెప్పినా అందులో పాకీవాళ్ళు రాలేదు. పదమూడు వేల మంది పదకొండు నెలలు పాకల్లో ఉన్నచోట దొడ్లు ఎవరు ఎత్తారు? అడిగితే ‘ఎవరో ఉండేవాళ్ళేరా’ అంది. ఆ ‘ఎవరో’ అన్న మాటలోనే మన పురపాలన చరిత్ర సగం దాగి ఉంది. మునిసిపాలిటీ అనే భవనం మొదటినుంచీ దళితుల వీపు మీద నిలబడింది. మనిషి మలాన్ని మనిషి ఎత్తే పనిని చట్టం 1993లో నిషేధించింది, 2013లో మరో చట్టం చేయవలసి వచ్చింది. రెండోది కావలసి వచ్చిందంటే మొదటిది ఎంతవరకు నడిచిందో మీరే ఊహించుకోండి.

అయినా నా విద్యార్థి దశ వాదన తప్పే. చీరాల జనం అడిగిన ప్రశ్న కాలువను గురించి కాదు. మా ఊరికి ఏమి కావాలో, దానికి మేము ఎంత ఇచ్చుకోగలమో ఎవరు నిర్ణయించాలి అన్నది వాళ్ళ ప్రశ్న. ఈ ప్రశ్నకు 1884 చట్టంలో జవాబు లేదు. 1920 చట్టం సభ్యుల్ని ఎక్కువభాగం ఎన్నికలతో నింపినా, ఓటును పన్ను రసీదుకే కట్టివేసింది. 1930లలో సర్కారు కమిషనర్లను పంపి కార్యనిర్వహణ వాళ్ళ చేతిలో పెట్టింది. 1934లో తాలూకా బోర్డులు ఎత్తివేశారు. ఎవరినీ అడగలేదు. అవి పోయినందుకు ఎవరూ ఏడ్చిన దాఖలా కూడా లేదు. జనం తమవి అనుకోని సంస్థలు వచ్చినా పోయినా ఒకటే.

జనం తమవి అనుకున్న సంస్థలు ఎలా ఉంటాయో తెలుగునేల మీద ఒక్కసారి చూశాం. 1946 నుంచి 1951 దాకా తెలంగాణలో సాగిన సాయుధ పోరాటంలో సుమారు 3,000 గ్రామాల్లో సంఘాలు పాలించాయనీ, పది లక్షల ఎకరాల భూమి పంచారనీ సుందరయ్యగారు తన గ్రంథంలో లెక్క చెప్పారు. వెట్టి పోయింది, కూలిరేట్లు పెరిగాయి, తగాదాలు గ్రామంలోనే తీరాయి. ఆ సంఘాలకు చట్టం లేదు, ఆఫీసు లేదు, బిల్లు కలెక్టరు లేడు. లోపాలూ ఉన్నాయి, వాటిని గురించి మనవాళ్ళే రాశారు. కాని మా డిగ్రీ సిలబసులో స్థానిక స్వపరిపాలన అధ్యాయంలో ఆ సంఘాలకు ఒక్క వాక్యం కూడా లేదు. నేను పాఠంలో కలిపి చెప్పేవాణ్ణి. ‘ఇది పరీక్షకు వస్తుందా సార్’ అనేవారు పిల్లలు. రాదు.

తరువాతి సంగతులు త్వరగా చెప్పవచ్చు. రాజ్యాంగం వచ్చాక వయోజన ఓటు వచ్చింది. ఇది చిన్న విషయం కాదు. పన్ను రసీదు లేనివాడు కూడా కౌన్సిలరును ఎన్నుకునే రోజు అప్పుడు వచ్చింది. బల్వంతరాయ్ మెహతా కమిటీ 1957లో ఇచ్చిన సిఫారసుల మీద, రాజస్థాన్ తరువాత మన రాష్ట్రమే 1959లో పంచాయతీరాజ్‌ను తెచ్చింది. జిల్లా బోర్డు పోయి జిల్లా పరిషత్తు, దాని కింద సమితులు. పరోక్ష ఎన్నికలు గనుక సమితి అధ్యక్ష పదవులు పెద్ద భూమి ఉన్న ఇళ్ళకే దారి కనుక్కున్నాయి. ఎరువులూ, అప్పులూ, కాంట్రాక్టులూ అదే దారిన వెళ్ళాయి. 1965లో ఆంధ్రప్రదేశ్ మునిసిపాలిటీల చట్టం వచ్చింది. 1984లో కరణం, మునసబు పదవులూ, తెలంగాణలో పటేల్, పట్వారీలూ పోయారు. వంశపారంపర్యంగా ఊరి లెక్కలను గుప్పెట్లో పెట్టుకున్న ఆ వ్యవస్థ పోవడం మంచిదే. అంతలోనే తాలూకాలూ సమితులూ పోయి 1,104 మండలాలు వచ్చాయి. ఆఫీసు దగ్గరయింది. ఆఫీసులో ఉన్నవాడు దగ్గరయ్యాడా అన్నది వేరే ప్రశ్న.

ఇక నా సంగతి. 1987లో మునిసిపల్ ఎన్నికలు జరిగినప్పుడు నేను ఒక చిన్న పట్టణంలో కౌన్సిలరుగా గెలిచాను. ఊరి పేరు ఇక్కడ అవసరం లేదు. మా పార్టీ వాళ్ళం ముగ్గురం. మొదటి ఏడాది బాగానే పనిచేశాం, వీధి దీపాలకూ, నీటి ట్యాంకులకూ పోట్లాడాం. రెండో ఏడాది చివర కమిషనరు ఇంటిపన్ను సవరణ అజెండాలో పెట్టాడు. మంచినీటి పథకానికి అప్పు కావాలి, సొంత ఆదాయం పెంచుకోని మునిసిపాలిటీకి అప్పు పుట్టదు అన్నాడు. మేము ముగ్గురం ముందురోజు రాత్రి కూర్చుని చర్చించాం. మిగతా ఇద్దరూ వ్యతిరేకిద్దామన్నారు. నేను ఒప్పుకోలేదు. నీళ్ళు కావాలంటాం, పన్ను వద్దంటాం, ఇదేమి రాజకీయం అన్నాను. సవరణ జరిగితే మిల్లుల వాళ్ళూ, సినిమా హాళ్ళ వాళ్ళూ, మేడలవాళ్ళూ ఎక్కువ కడతారు, పూరిళ్ళకు నామమాత్రం పెరుగుతుంది, ఇది ప్రగతిశీలమైన పన్ను అని ఒక అరగంట ఉపన్యసించాను. వాళ్ళు నా చదువుకు గౌరవం ఇచ్చి ఒప్పుకున్నారు. మర్నాడు ముగ్గురం చేతులెత్తాం.

ఇంటిపన్ను ఎలా వేస్తారో తెలియనివారికి చెప్పాలి. అప్పట్లో ఇంటికి ఏడాదికి ఎంత అద్దె రావచ్చునో చూసి, అందులో ఇంత శాతం అని పన్ను కట్టేవారు. ఎంత అద్దె వస్తుందో చెప్పేది బిల్లు కలెక్టరు. అతడు వీధిలో నడుస్తూ చూసి రాస్తాడు. పూరిల్లు లోపల ఏముందో వీధిలోంచే కనిపిస్తుంది, దాని అద్దె అందరికీ తెలుసు. మేడ గేటు మూసి ఉంటుంది. మేడ యజమాని సొంతంగా ఉంటున్నాడు గనుక అద్దె ఎంతో ఎవరికీ తెలియదు, ఆయన చెప్పిందే అద్దె. తక్కువగా లేదంటే అప్పీలు ఉంది, అప్పీలుకు ప్లీడరు ఉన్నాడు. కాగితం మీద ప్రగతిశీలంగా కనిపించిన పన్ను వీధిలోకి దిగేసరికి తలకిందులయింది. మిల్లు యజమానులు కోర్టుకు వెళ్ళి స్టే తెచ్చుకున్నారు. సినిమా హాలు బకాయి అలాగే ఉండిపోయింది. నా వార్డులో మగ్గాలున్న పూరిళ్ళకు మాత్రం ఆరు రూపాయలు పద్నాలుగయింది, ఎనిమిది ఇరవై అయింది. మగ్గం ఉంది గనుక అది నివాసం కాదు, వ్యాపారస్థలం అని కొన్నిచోట్ల ఇంకా ఎక్కువ రాశారు. కట్టనివారి కొళాయిలు తీసేశారు. ఒక ముసలామె నా గడప దగ్గరకు వచ్చి బిందె నా కాళ్ళ దగ్గర పెట్టి ఏమీ మాట్లాడకుండా వెళ్ళిపోయింది.

అమ్మమ్మ ఆ సంవత్సరం మా ఇంట్లోనే ఉంది. ఎనభైకి దగ్గర పడింది, చూపు మందగించింది, వినికిడి మాత్రం బాగుంది. ఆ బిందె చప్పుడు వినింది.

‘పన్ను పెంచింది నువ్వేనంట గదరా?’

‘ఒక్కణ్ణే కాదు అమ్మమ్మా, కౌన్సిలంతా.’

‘చెయ్యెత్తావా, లేదా?’

‘ఎత్తాను.’

కాసేపు ఊరుకుంది. మంచినీళ్ళ పథకం సంగతి, అప్పు సంగతి, అన్నీ విడమరిచి చెప్పాను. విన్నది. ‘మంచిదేలే, నీళ్ళొస్తయ్యి’ అంది. తరువాత అంది: ‘ఎత్తేముందు ఇంటింటికీ పోయి అడిగావా? ఆ రోజుల్లో ఊరిడిచి పోదామా వద్దా అని మా గడప దగ్గరికొచ్చి అడిగారు. మా అమ్మనూ అడిగారు. మా అమ్మకు ఓటు గూడా లేదు.’

నేను అడగలేదు. నా వార్డులో నాలుగు వందల ఇళ్ళు. ఓటు కోసం ప్రతి గడపా మూడుసార్లు తొక్కాను. పన్ను కోసం ఒక్కసారీ తొక్కలేదు. సమావేశం ముందురోజు మా ముగ్గురి చర్చ నాకు ప్రజాస్వామ్యంగా తోచింది. ఆ తరువాత తప్పు సవరించుకోవడానికి చూశాను. పూరిళ్ళ పెంపు తగ్గించమనీ, మగ్గం ఇంటిని వ్యాపారస్థలంగా రాయవద్దనీ తీర్మానం పెట్టించాను, నెగ్గించాను కూడా. పైనుంచి అనుమతి రాలేదు. కౌన్సిలు తీర్మానాన్ని ఆపే, రద్దుచేసే అధికారం ప్రభుత్వానికి చట్టంలోనే ఉంది. పెంచడానికి మా చెయ్యి చాలింది, తగ్గించడానికి చాలలేదు. 1992లో మా గడువు తీరింది. మళ్ళీ ఎన్నికలు 1995లో గాని జరగలేదు, ఈలోపు స్పెషలాఫీసర్లు నడిపారు. నేను మళ్ళీ నిలబడలేదు. అమ్మమ్మ అంతకు ముందే పోయింది.

ఈ అనుభవం నుంచి మన మిత్రులు కొందరు తీసే సారాంశం నాకు సమ్మతం కాదు. మునిసిపాలిటీ కాలువల, కొళాయిల వ్యవహారం, అసలు పోరాటం వేరే ఉంది, అక్కడ దిగితే ఇలాగే మురికి అంటుతుంది అంటారు వాళ్ళు. పేదవాడికి రాజ్యం ఎదురయ్యేది పార్లమెంటులో కాదు, కొళాయి దగ్గర. 1992 సవరణలు పట్టణాలకు పద్దెనిమిది, గ్రామాలకు ఇరవైతొమ్మిది అంశాలు రాసి ఇచ్చాయి, మూడోవంతు స్థానాలు స్త్రీలకు ఇచ్చాయి, అయిదేళ్ళకోసారి ఎన్నికలు తప్పనిసరి చేశాయి. అయినా మన మునిసిపాలిటీల్లో 2010లో గడువు తీరిన పాలకవర్గాలకు 2014 దాకా ఎన్నికలు లేవు. ఆంధ్రప్రదేశ్‌లో ఆ తరువాతి ఎన్నికలు 2021లో గాని రాలేదు. 2019లో వార్డుకో సచివాలయం పెట్టి, ఇళ్ళను గుంపులుగా పంచి వలంటీర్లను వేసినప్పుడు, ఎన్నికైన కౌన్సిలరు పక్కనే ఎన్నిక కాని మరొక యంత్రం లేచింది. ఆ వలంటీర్లు అయిదేళ్ళయినా నిలవలేదు. 2021 ఏప్రిల్ నుంచి ఆంధ్రప్రదేశ్‌లో ఇంటిపన్నుకు అద్దె లెక్క పోయి ఆస్తి విలువ లెక్క వచ్చింది. ఇంటి విలువ పెరిగితే పన్ను పెరుగుతుంది, ఆ ఇంట్లో ఉన్నవాడి కూలి పెరగనక్కరలేదు. ఆ ఏడే చెత్తకు రుసుం వచ్చింది. జనం గొడవపెట్టారు, 2024లో అది పోయింది. ఈ గొడవ పెట్టడం అనేది రాజకీయ విద్య కాదా? రిప్పన్ చెప్పిన బడి బహుశా ఇదే, ఆయన అనుకున్నచోట లేదు అంతే.

2022 సెప్టెంబరులో అమరావతి ప్రాంతంలోని ఇరవై రెండు గ్రామాలను కలిపి మునిసిపాలిటీ చేస్తామని ప్రభుత్వం గ్రామసభలు పెట్టినప్పుడు ఆ ఊళ్ళవాళ్ళు వద్దన్నారు. వాళ్ళ కారణాలు వేరు, రాజధాని గొడవ వేరు. కాని వార్త చదివిన ఒక పాత విద్యార్థి నాకు ఫోను చేశాడు. మునిసిపాలిటీ వద్దనడం వెనకబాటుతనం కదా సార్ అన్నాడు. పట్టణంలో కలిస్తే ఉపాధి హామీ పని పోతుంది, ఇంటిపన్ను పెరుగుతుంది అన్న భయం కూలివాడికి ఎక్కడైనా ఉందని చెప్పాను. ఆ రెండూ కాక ఇంకొకటి కూడా ఉందని అమ్మమ్మ కథ మొదలుపెట్టాను. అతడు ఓపికగా విన్నాడు.

అతడికి చెప్పడం మరచిన ముక్క ఇది. రామనగర్ నుంచి తిరిగి వచ్చేసరికి పేరాల ఇంట్లో మగ్గం గుంట ఎలకమన్నుతో పూడిపోయి ఉంది. మా ముత్తాత దాన్ని మళ్ళీ తవ్వుతుండగా పన్నుల మనిషి వచ్చాడు. ముత్తాత అతణ్ణి అరుగు మీద కూర్చోబెట్టి, చెంబుతో మంచినీళ్ళిచ్చి, ‘కాగితం మొత్తం చదవండి బాబూ, కడతాను’ అన్నాడట. అతడు చదివాడు. ఏ వీధి, ఏ ఇల్లు, ఎంత బాకీ, ఎప్పటిలోగా కట్టాలి. ‘ఎవరేశారో చదవలేదే’ అన్నాడట ముత్తాత. అది ఇందులో ఉండదన్నాడు ఆ మనిషి. సగం అప్పుడిచ్చి, మిగతా సగం పంచె నేసి అమ్మాక ఇచ్చాడు.